డ్యూకు గారు ఉంటే చాలదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ ఆదివారం అనుబంధంలో రొమాన్స్ నవలల మీద వ్యాసం చదివానండీ. రాసినాయన మిగతావాటి గురించి ఓపిగ్గానే చెప్పారు గానీ రీజెన్సీ రొమాన్స్ దగ్గరకొచ్చేసరికి డ్యూకు అనే పెద్ద బిరుదున్న హీరో, డాన్సు, చివర్లో పెళ్ళి, అంతా ముందే తెలిసిన కథ, ఇంక చదవడానికేముంది అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చివర్లో పెళ్ళవుద్దని మాకు తెలీదా అండీ, తెలిసే కదా కొంటాం. సీతాకల్యాణం హరికథకి వెళ్ళేవాళ్ళు విల్లు విరుగుద్దో లేదో అని టెన్షన్ పడుతూ వెళ్తారా ఏంటి. అందుకని ఇలాంటి నవల ఎప్పుడు కడుపు నిండా ఉంటుంది, ఎప్పుడు డబ్బులు దండగ అనిపిస్తుంది అనేది ఏళ్ళ తరబడి ఇవే చదువుతున్న మనిషిగా నేను కూడా కొంచెం చెప్దామని రాస్తున్నా, పొడుగైతే మీరే కత్తిరించుకోండి.

తెలీనివాళ్ళకి రెండు మాటల్లో చెప్తా. ఇంగ్లండ్ రాజు మూడో జార్జికి మతి స్థిమితం తప్పితే 1811 ఫిబ్రవరి నుంచి ఆయన పెద్దకొడుకు రీజెంట్‌గా, అంటే రాజు బదులు పెత్తనం చేశాడు, 1820 జనవరిలో తండ్రి పోయేదాకా. ఆ తొమ్మిదేళ్ళే అసలు రీజెన్సీ, నవలలవాళ్ళు మాత్రం అటు పదేళ్ళు ఇటు పదేళ్ళు లాగేస్తూ ఉంటారు, పర్లేదు. నెపోలియన్ యుద్ధాల చివరి ఘట్టం, 1815లో వాటర్లూ యుద్ధం, జేన్ ఆస్టిన్ నవలలు ఆరూ అచ్చయింది, అన్నీ ఈ తొమ్మిదేళ్ళలోనే. ఆస్టిన్ రాసింది తన కళ్ళముందున్న కాలం గురించి కాబట్టి ఆమెది చారిత్రక నవల కాదు, వందేళ్ళు దాటాక జార్జెట్ హేయర్ అనే ఆవిడ 1935 నుంచి ఆ కాలాన్ని వెనక్కి తిరిగి చూసి రాయడం మొదలెట్టింది, ఇప్పుడు మనం రీజెన్సీ రొమాన్స్ అనేదానికి దారి వేసింది ఆవిడే.

నేను చెప్పేది ఒకటే అండీ. ఈ నవలకి విలన్ అక్కర్లేదు. ఆ కాలం కట్టుబాట్లే విలన్. వాటిని రచయిత్రి నిజంగా నమ్మి రాస్తే, హీరోయిన్ "నో" అన్నా "ఎస్" అన్నా దానికి ఒక ధర ఉంటుంది, ఆ ధర మనకి కనపడితేనే చివర్లో పెళ్ళి తీపిగా ఉంటుంది. కట్టుబాట్లని గోడమీద వాల్‌పేపర్‌లా అంటించేసి లోపల 2020ల అమ్మాయిని గౌను తొడిగి కూర్చోబెడితే, ఎన్ని క్యాండిల్స్ వెలిగించినా లాభం లేదు.

డబ్బు దగ్గర చూడండి. ఆస్టిన్ గారి ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ 1813లో వచ్చింది, అందులో హీరో డార్సీకి ఏడాదికి 10,000 పౌన్ల ఆదాయం అని అందరికీ గుర్తుంటుంది. హీరోయిన్ ఎలిజబెత్ వాటా ఎంతో ఎంతమందికి గుర్తుందండీ? వాళ్ళ నాన్నకి ఏడాదికి 2,000 వస్తాయి గానీ ఆ ఎస్టేటు మగవారసుడికే పోవాలని రాసిపెట్టుంది, ఐదుగురూ ఆడపిల్లలే, కాబట్టి ఆయన కన్నుమూస్తే ఇల్లు కూడా దూరపు చుట్టం కాలిన్స్‌కి పోతుంది. ఆ కాలిన్సే వచ్చి ఎలిజబెత్‌ని పెళ్ళి చేసుకోమని అడుగుతూ, నీకు వచ్చేది నాలుగు శాతం వడ్డీ మీద వెయ్యి పౌన్లు, అదీ మీ అమ్మ పోయాకే అని ఆ అమ్మాయి మొహం మీదే చెప్తాడు. అంటే ఏడాదికి 40 పౌన్లు. చేతిలో ఉన్నది అదీ. ఆ అమ్మాయి ముందు ఈయన్ని కాదంటుంది, ఈయన్ని చేసుకుంటే ఉన్న ఇల్లు తల్లికీ అక్కచెల్లెళ్ళకీ ఉండిపోయేది, ఆ తర్వాత 10,000 వాణ్ణి కూడా కాదంటుంది, వాడు పొగరుగా అడిగాడని. నలభై ఎక్కడ పదివేలు ఎక్కడ. ఆ లెక్క తెలిసి చదివితే ఆ "నో" వినపడే తీరే వేరు. రచయిత్రి ఆ లెక్కని ఎక్కడా ఉపన్యాసంలా చెప్పదు, కాలిన్స్ నోట్లోంచి నవ్వు పుట్టేలా జారవిడుస్తుంది అంతే.

ఎలిజబెత్ కాలిన్స్‌ని కాదన్న వెంటనే ఆమె స్నేహితురాలు షార్లెట్, 27 ఏళ్ళ పిల్ల, అదే కాలిన్స్‌కి సరే అంటుంది. తప్పుపట్టాలనిపిస్తుంది, పట్టలేం. అందం లేదు, కట్నం లేదు, వయసు దాటుతోంది, తనకంటూ ఒక ఇల్లు కావాలి. ఒక మంచి రీజెన్సీ నవలలో ఇలాంటి షార్లెట్ ఒకత్తి ఉండి తీరాలి అంటాను నేను, హీరోయిన్ తప్పించుకున్న గుంట ఎంత లోతో పక్కనే ఇంకొకత్తి దిగి చూపించాలి. ఆస్టిన్ గారికి అది ఊహ కూడా కాదండీ. 1802 డిసెంబర్లో ఆవిడకి ఇంకో రెండు వారాల్లో 27 నిండుతాయనగా, పెద్ద ఎస్టేటుకి వారసుడైన హారిస్ బిగ్-విదర్ పెళ్ళికి అడిగితే సాయంత్రం సరే అని తెల్లారేసరికి కాదని చెప్పి ఆ ఇంట్లోంచి వచ్చేసింది. 1805లో తండ్రి పోయాక తల్లి, అక్క, తనూ అన్నదమ్ముల సాయం మీద బతికారు, 1809లో ఒక అన్న చాటన్‌లో ఇల్లు ఇచ్చేదాకా నిలకడ లేదు. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ మొత్తం హక్కులు ఆవిడ అమ్ముకుంది 110 పౌన్లకి. ఇప్పుడు ఇంగ్లండ్ పది పౌన్ల నోటు మీద ఆవిడ బొమ్మే ఉంది, 2017 నుంచి.

ఇప్పుడొచ్చే నవలల్లో చాలావాటికి ఇక్కడే దెబ్బ. హీరోయిన్ మొదటి పేజీలోనే "నాకు పెళ్ళి వద్దు, నేను సొంతంగా బతుకుతా" అంటుంది, బాగుంది, మరి ఎలా బతుకుతావమ్మా అని రచయిత్రి ఒక్కసారి కూడా అడగదు. అప్పట్లో పెళ్ళయితే ఆడదాని డబ్బు మొగుడిదే, ముందే ట్రస్టీలతో సెటిల్‌మెంట్ రాయించుకుంటే తప్ప. ఆ చట్టం మారడం 1870లో మొదలై 1882కి గానీ ఒక కొలిక్కి రాలేదు. పిల్లల మీద హక్కు తండ్రిదే, విడాకులు కావాలంటే 1857 దాకా పార్లమెంటులో ప్రత్యేకంగా బిల్లు పెట్టించుకోవాలి, అది ఎంత డబ్బున్నవాళ్ళకి సాధ్యమో మీరే ఊహించుకోండి. అందుకే తప్పుడువాణ్ణి చేసుకోవడం అంటే బ్రేకప్ కాదు, యావజ్జీవం. ఆ కాలానికి పేరిచ్చిన మనిషి సంగతే చూడండి, ఆ రీజెంట్ గారు 1785లో మరియా ఫిట్జ్‌హెర్బర్ట్‌ని రహస్యంగా పెళ్ళాడాడు, రాజు అనుమతి లేదు కాబట్టి చట్టం దాన్ని ఒప్పుకోలేదు, తర్వాత అప్పులు తీరడానికి 1795లో కెరొలైన్‌ని చేసుకుని ఏడాది తిరిగేసరికి విడిగా ఉండటం మొదలెట్టాడు. రాజుగారింట్లోనే అలా ఏడిస్తే మామూలువాళ్ళ మాటేంటి.

నాకు బాగా ఇష్టమైనది డాన్స్ హాల్ సీను, వ్యాసంలో ఆయన డాన్సు అని తీసిపారేశారే, అదే. అక్కడ జరిగేది డాన్స్ కాదండీ, నలుగురి ముందు మాట్లాడుకోవడానికి ఆ పిల్లకీ పిల్లాడికీ దొరికే ఒకే ఒక్క వీలు. ఒకరితో వరసగా రెండు డాన్సులు, దాదాపు అరగంట. మళ్ళీ రెండోసారి కూడా అతనే వచ్చి అడిగాడంటే హాలంతా గుసగుసలు, మూడోసారి అడిగితే ఇంక ముహూర్తం పెట్టుకోవడమే అన్నట్టు చూస్తారు. ఇందులో ఇంకో మెలిక ఉంది, అమ్మాయి ఒకడికి కాదని చెప్తే ఆ తర్వాత ఇంకొకడు ఎంత నచ్చినవాడు వచ్చి అడిగినా లేవకూడదు, కూర్చోవాల్సిందే. అంటే ఒక దరిద్రుడు ముందు వచ్చి చెయ్యి చాపాడు, వెనకాల మనవాడు గుంపు తోసుకుంటూ వస్తున్నాడు, ఆ అమ్మాయి ఏం చెయ్యాలి? ఒప్పుకుంటే వీడితో అరగంట, కాదంటే రాత్రంతా గోడ పక్కన. ఈ ఒక్క రూలుతో తెలిసినావిడ రాస్తే పది పేజీలు గుండె దడదడలాడించొచ్చు, చేతికి గ్లవ్ కూడా తియ్యక్కర్లేదు. కానీ చాలామంది ఏం చేస్తారంటే ఇద్దర్నీ రెండో చాప్టర్లోనే చీకటి తోటలోకి తోలేస్తారు, అక్కడ ఎవరూ చూడరు, చూసినా ఏం కాదు, మర్నాడు మామూలే. పరువు అనేదే లేనప్పుడు ఇంక ఆ తోటలో ఏం జరిగితే మనకేంటి. (ముద్దులూ గిద్దులూ వద్దని నేననడం లేదు, తలుపు తీసిపెట్టి రాసినా మూసి రాసినా నాకు ఒకటే, కాకపోతే ఆ తలుపు దాటడం ఆ అమ్మాయికి ఎంత ప్రమాదమో తెలియాలి.)

వాల్ట్స్ సంగతి మీకు చెప్పాలి, మీ వృత్తివాళ్ళదే కాబట్టి. నడుం మీద చెయ్యి వేసి తిరిగే ఆ డాన్స్ అప్పట్లో కొత్త, 1816 జూలైలో రీజెంట్ గారి బాల్‌లో అది ఆడించారని లండన్ టైమ్స్ పత్రిక మండిపడింది, ఇలాంటి అసభ్యమైన విదేశీ నాట్యానికి మీ ఆడపిల్లల్ని పంపకండని తల్లిదండ్రుల్ని హెచ్చరించింది. అది తెలిసి ఒక నవలలో వాల్ట్స్ సీను చదివితే ఆ చెయ్యి ఎంత బరువో అర్థమవుతుంది. ఉత్తరాలు కూడా అంతే. పెళ్ళి కుదరని అమ్మాయికి అబ్బాయి ఉత్తరం రాయకూడదు, రాస్తే నిశ్చయమైనట్టే లెక్క. పైగా 1840 దాకా పోస్టు ఛార్జీ మామూలుగా అందుకున్నవాళ్ళే కట్టేవాళ్ళు, ఇంట్లోవాళ్ళకి తెలీకుండా దాచే దారే లేదు. అందుకే డార్సీ తన సంజాయిషీ పోస్టులో వెయ్యడు, పొద్దున్నే ఆ అమ్మాయి నడకకొచ్చే దారిలో నిలబడి చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు.

హీరో గురించి ఒక గొడవ ఉందండీ నాకు. యద్దనపూడి సులోచనారాణి గారి హీరోలకి అలవాటుపడ్డ ప్రాణాలం కదా మనం, ఆరడుగులు, కారు, ఎక్కువ మాట్లాడడు, కళ్ళతోనే అన్నీ. ఆ సీరియల్స్ మనకి ఎక్కింది కారు వల్ల అనుకుంటారు చాలామంది, నేనొప్పుకోను, ఆ కారెక్కనని రోడ్డుమీద నడిచెళ్ళిపోయే అమ్మాయి ఆత్మాభిమానం వల్ల ఎక్కింది. ఇక్కడా అంతే. డ్యూకుకి ఎన్ని గదుల కోట ఉంది అనేది కాదు, మొదటి సగంలో నోరు పారేసుకున్న మనిషి రెండో సగంలో ఏం చేసి మారాడు అనేది. అందులోనూ ఆవిడకి చెప్పకుండా చేశాడా, చెప్పుకుని చేశాడా? డార్సీ వెళ్ళి ఎలిజబెత్ చెల్లెలు లేచిపోయిన గొడవని తన డబ్బుతో సర్దుబాటు చేసి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని వస్తాడు, ఆవిడకి తెలిసింది వేరేవాళ్ళ నోరుజారి. అదీ పద్ధతి. అంతేగానీ చివరి యాభై పేజీల్లో హీరోయిన్‌ని ఎవడో ఎత్తుకుపోవడం, హీరో గుర్రమేసుకుని వెళ్ళి కొట్టి తీసుకురావడం, దాంతో పాత అవమానాలన్నీ మాఫీ అయిపోవడం, ఇది చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎత్తుకుపోయినవాడిదా తప్పు, ఈయన అన్న మాటలదా? క్షమాపణ చెప్పాల్సిన చోట ఫైటు పెడితే ఎలా. ఇంకో రకం ఉంది, తాతగారి వీలునామా తెరిస్తే అమ్మాయికి ఆస్తి వచ్చేస్తుంది, అడ్డంకులన్నీ ఒక్క పేరాలో పోతాయి. ముడి వేసింది వాళ్ళైతే విప్పేది కూడా వాళ్ళే అయ్యుండాలి కదండీ.

లేచిపోవడం అన్నాను కదా, అది కూడా ఊరికే రొమాంటిక్ షికారు కాదు. 1754 నుంచి ఇంగ్లండ్‌లో 21 నిండనివాళ్ళు లైసెన్స్ మీద పెళ్ళాడాలంటే పెద్దల అనుమతి కావాలి, లేదంటే మూడు ఆదివారాలు చర్చిలో అందరి ముందూ ప్రకటన చదివించుకోవాలి, అందులో ఏ తండ్రైనా లేచి ఒప్పుకోను అంటే అయిపోయినట్టే. స్కాట్లాండ్‌లో ఆ చట్టం లేదు, అందుకే సరిహద్దు దాటగానే ఉండే గ్రెట్నా గ్రీన్‌కి పరుగు. లండన్ నుంచి మూడొందల మైళ్ళకి పైనే, గుర్రబ్బండిలో, గుంతల రోడ్లమీద, దారిలో సత్రాలు. పెళ్ళి కాకుండా రెండు రాత్రులు పైన బండిలో ఒక మగాడితో గడిపిన అమ్మాయి, మధ్యలో వాడు మనసు మార్చుకుంటే ఇంక ఇంటికి రాలేదు. ఈ భయం లేకుండా రాసిన గ్రెట్నా గ్రీన్ కథ నేను పూర్తి చెయ్యలేను.

వివరాల తప్పులు గురించి మరీ చాదస్తంగా ఉండనులెండి, కానీ కొన్ని పంటికింద రాళ్ళు. అప్పటి బ్రిటన్ మొత్తం మీద రాజకుటుంబం కాకుండా డ్యూకులు పాతిక ముప్ఫై మందికి మించరు, నవలల్లో మాత్రం వీధికి ఒకడు, అందరూ ముప్ఫై లోపే, అందరూ బ్రహ్మచారులే. సర్లే, అది ఆటలో భాగం అనుకుని ఒప్పేసుకుంటాం. కానీ 1815 నాటి డ్రాయింగ్ రూంలో కూర్చుని డార్జిలింగ్ టీ తాగితే ఎలాగండీ? అప్పుడు ఇంగ్లండ్‌కి టీ వచ్చేది చైనా నుంచి, మన అస్సాం టీ లండన్లో మొదటిసారి వేలానికి వచ్చిందే 1839లో. అలాంటిది ఒక్కటి పట్టుబడితే చాలు, మిగతా నవల మీద కూడా నమ్మకం పోతుంది. అలాగని లైబ్రరీలో చదివినదంతా పాత్రల నోట్లో కుక్కేసే రచయిత్రులు కూడా ఉన్నారు, ఒకావిడ బగ్గీల రకాల మీద రెండు పేజీలు రాసింది, హీరో అప్పటికి బగ్గీలోనే ఉన్నాడు పాపం.

మన దేశం సంగతికొస్తే అసలు కోపం అక్కడ. హీరో ఇండియాలో డబ్బు సంపాదించుకొచ్చాడు అని ఒక్క వాక్యం, ఎలా సంపాదించాడో ఎవరి దగ్గర సంపాదించాడో ఉండదు. హీరోయిన్ వేసుకునే ఆ తెల్లటి పల్చటి మస్లిన్ గౌన్ల ఫ్యాషన్ మొదలైందే బెంగాల్ నేత మీద, భుజం మీద శాలువా కశ్మీరుది, దాని మీద మామిడిపిందెలు చూసి స్కాట్లాండ్‌లో పేస్లీ అనే ఊళ్ళో మగ్గాల మీద కాపీ కొట్టి ఆ డిజైన్‌కి ఆ ఊరిపేరే పెట్టేసుకున్నారు. చక్కెర వెనకాల కరీబియన్ తోటల్లో బానిసలు, బానిసల వ్యాపారం 1807లో ఆపారు గానీ బానిసత్వం తీసెయ్యడానికి చట్టం చేసింది 1833లో. ఇవన్నీ పెడితే ప్రేమకథ మూడ్ పాడవుతుందని అంటారు కొందరు. పాడవదండీ, హీరో తన ఎస్టేటు డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకుని ఇబ్బంది పడే నవలలు కూడా ఇప్పుడు వస్తున్నాయి, వాటిల్లో ఆ మనిషి మీద మనకి గౌరవం ఇంకాస్త పెరుగుతుంది. రీజెన్సీ కాలం మీద తీసిన బ్రిడ్జర్టన్ అనే నెట్‌ఫ్లిక్స్ సీరీస్ 2022 సీజన్‌లో ఇండియా అక్కచెల్లెళ్ళని పెట్టారని సంబరపడి చూస్తే ఒకే ఇంట్లో తండ్రిని అప్పా అని, చెల్లెల్ని బోన్ అని, అక్కని దీదీ అని పిలిచారు, మద్రాసు, కలకత్తా, ఢిల్లీ ఒకే కుటుంబంలో. అయినా అక్క చెల్లెలి తలకి నూనె రాసే సీను ఒకటుంది, దానికి మాత్రం నేను ఫ్లాట్.

అసలు రీజెన్సీ కాలపు ఇంగ్లండ్‌లో పెరిగిన హైదరాబాద్ పిల్ల ఒకత్తి నిజంగానే ఉంది తెలుసా అండీ. కోఠీలో ఇప్పటి మహిళా యూనివర్సిటీ ఉన్న పాత రెసిడెన్సీ భవనం కట్టించిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్, నిజాం దగ్గర ఈస్ట్ ఇండియా కంపెనీ రెసిడెంట్, అంటే ప్రతినిధి, ఇక్కడి పెద్దింటి అమ్మాయి ఖైరున్నీసాని పెళ్ళి చేసుకున్నాడు, అది తెలిసి గవర్నర్ జనరల్ వెల్లెస్లీ ఎంక్వైరీ పెట్టించాడు. వాళ్ళమ్మాయి 1802లో పుట్టింది. 1805లో ఆ పిల్లనీ అన్ననీ ఓడెక్కించి ఇంగ్లండ్ తాతగారి దగ్గరకి పంపించారు, అదే ఏడు తండ్రి కలకత్తాలో పోయాడు, 1813లో తల్లి పోయింది, పిల్లల్ని మళ్ళీ చూడనేలేదు. పేరు మార్చి కిట్టీ అన్నారు. 1824లో థామస్ కార్లైల్, తర్వాత అంత పెద్ద రచయిత అయినాయన, అప్పటికి ఆవిడ చుట్టాలింట్లో ట్యూషన్లు చెప్పుకునే బీద మాస్టారు, ఆవిడ మీద మనసుపడ్డాడని చెప్తారు. ఆవిడ 1829లో ఒక కెప్టెన్‌ని పెళ్ళి చేసుకుంది. తల్లిదండ్రుల కథ రొమాన్స్ నవలకి పనికిరాదు, దాని ముగింపు తెలిసినవాళ్ళెవరూ ఆ పేరు పెట్టలేరు. కిట్టీ కథ పనికొస్తుంది. తండ్రి వదిలిన ఆస్తి ఉంది, రంగు ఉంది, రహస్యం ఉంది, హాల్లోకి అడుగుపెడితే తిరిగి చూసే కళ్ళున్నాయి, చిన్నప్పుడు మాట్లాడిన భాష మర్చిపోయిన పిల్ల డాన్స్ మధ్యలో ఎవరో మీ ఊరేది అని అడిగితే ఏం చెప్తుంది?

ఇది మన తెలుగువాళ్ళెవరైనా రాస్తే, కోఠీ భవనం మెట్ల మీద కూర్చుని రాసినా పర్లేదు, ఇంగ్లండ్‌లో కెంట్‌లో ఉద్యోగం చేసుకుంటూ అక్కణ్ణుంచి రాసినా పర్లేదు, దయచేసి మీ అనుబంధంలో వారం వారం సీరియల్‌గా వెయ్యండి. ఒకేసారి పుస్తకంగా వద్దు. ఆదివారం పేపర్ ముందెవరు చదవాలని ఇంట్లో వంతులేసుకుని చాలా కాలమైంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి